నరాల తొడుగు సంగతి హేమకే సెప్పావు

బావా, ఎలా ఉన్నావు? నువ్వు నన్నొదిలి పైకెల్లిపోయి పదకొండు నెలలైంది. నేను బాగానే ఉన్నాను. నీ మీదే కోపంగా ఉన్నాది... ఎవరితో సెప్పుకోను?

నువ్వు కాలేజీలో జువాలజీ సెప్పినప్పటి నీ స్టూడెంటు హేమ ఇప్పుడు ఎచ్చెర్లలో పీజీ సదువుతన్నాది. నువ్వు మంచం పట్టాక సెలవొస్తే సాలు, విజయనగరం వొచ్చి నీ పక్కన కూకునేది. ఇద్దరూ ఇంగ్లీషులో మాటాడుకునేవోరు. నేను టీ తెస్తే ఆపేసేవోరు. ఏటని అడిగితే, "ఏటీ లేదే, నరాల నీరసం" అనేవోడివి. డాక్టరు కాగితాలు కూడా బీరువాలో పెట్టేయమనేవోడివి.

నీకు అన్నం తినిపించింది నేను. నీళ్ళు పోసింది నేను. నీ జబ్బేటో తెలిసింది మాత్రం ఆ పిల్లకి. తలుసుకుంటే ఒళ్ళు మండతాది బావా...

ఉండబట్టలేక మొన్న బస్సెక్కి ఎచ్చెర్ల ఎల్లాను. మీరిద్దరూ ఏటి మాటాడుకునేవోరని అడిగేసాను.

హేమ కాగితం మీద బొమ్మేసి సెప్పింది. కరెంటు తీగకున్నట్టే నరం మీద ఒక తొడుగుంటాదట. మైలిన్ అంటారట. రోగాలతో కొట్టాడాల్సిన తెల్ల రక్తకణాలే పొరపాటున ఆ తొడుగు మీద పడ్డాయట. కడుపులో అన్నాన్ని అరిగించేలాంటివే, ఎంజైములట... వాటిని తొడుగు మీదకి వొదిలి దాన్ని ముక్కముక్కలు సేసాయట. తొడుగు పోతే మెదడు సెప్పిన మాట సేతికీ కాలికీ సరిగ్గా అందదట.

అంటే ఆ రోజు పళ్ళెం నీ సేతిలోంచి జారిపోతే... బద్ధకమని తిట్టాను గదా. నువ్వు పట్టుకోమనే సెప్పుంటావు, ఆ మాట సేతికి అందలేదు. అది హేమకి తెలుసు. నాకెందుకు సెప్పలేదు? పదో తరగతితో ఆపేసిన దానికి బుర్రకెక్కదనుకున్నావా?

ఏడుపొచ్చింది. ఆ పిల్ల ముందు మాత్రం ఏడవలేదు.

లేచి వొచ్చేస్తంటే హేమ ఇంకో మాట సెప్పింది. నువ్వన్నావట... "తెలిస్తే పార్వతి నన్ను తిట్టడం మానేస్తాది. అందరూ జాలి పడతన్నారు. అదొక్కర్తే నన్ను మామూలు మనిషిలా సూస్తన్నాది."

బస్సులో దారంతా అదే తలుసుకున్నాను. సంతోషమే బావా. అయినా కుళ్ళు పోలేదు. ఆ మాట కూడా ఆ పిల్లకే సెప్పావు...

పై వారం హేమని ఇంటికి రమ్మన్నాను. నాకు సగమే అర్థమైంది. మిగతాదంతా సెప్పించుకుంటాను. నీ గురించి నాకన్నా ఎక్కువ తెలిసినోళ్ళు ఈ భూమ్మీద ఒక్కరు కూడా ఉండకూడదు.

ఉంటాను మరి,
నీ పార్వతి