ఖాళీ గొట్టం

శనివారం, మధ్యాహ్నం భోజనాల వేళ,
వర్క్‌షాపు బల్ల దగ్గర నుంచి

చిరంజీవి తక్కెడమ్మకు,

బాబాయ్ దీవెనలు. నువ్వూ, మీ ఆయనా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మూడో ల్యాబులోని పాత పంపూ మూలుగుతూనే ఉన్నాం గానీ ఆగిపోలేదు.

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పదకొండేళ్ళుగా రాయనివాడు ఇప్పుడు రాస్తే ఎంత, రాయకపోతే ఎంత అని రెండుసార్లు కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. మూడోదానికి జేబులో చోటు లేక రాస్తున్నాను. తక్కెడమ్మ అంటే కోపం తెచ్చుకోకు. చిటికెడు పొడిని మూడుసార్లు తూచి, నాలుగోసారి నన్ను తూచమనేదానివి. ఆ పేరు పెట్టింది నేనే, మానలేను.

ముందు కబుర్లు. మీ మేష్టారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. రెండో ఏడాది పిల్లలకు ఉత్ప్రేరకాల పాఠం ఇప్పటికీ ఆయనే చెబుతున్నారు. అదే జోకు. ఉత్ప్రేరకం అంటే తోడికోడలురా, ఇద్దరి మధ్యా మంట పెట్టి తాను మాత్రం చెయ్యి కాలకుండా బయటికొచ్చేస్తుంది అంటారు. నీ కాలంలో హాలంతా నవ్వేది. ఇప్పుడు వెనక బెంచీలో ఒకరిద్దరు నవ్వుతారు, అదీ ఆయన ఆగి చూస్తే. పాపం అలిసిపోయారు. సుద్దముక్క చేతిలో పట్టుకునే సుద్దముక్క ఏదిరా అని వెతుక్కుంటున్నారు.

నాకొచ్చిన చదువులో సగం ఆ పాఠాలే, తలుపు బయట నిలబడి విన్నవి. తక్కిన సగం లైబ్రరీవాళ్ళు పారేసిన పుస్తకంలోది. దానికి మొదటి వంద పేజీలూ లేవు. అందుకే నాకు కెమిస్ట్రీ ఆరో అధ్యాయం నుంచే వచ్చు. అణువంటే ఏమిటని అడగకు, అది ఎలా కాలుతుందో అడుగు, చెబుతాను. సరే, చెప్పాలనుకున్నది ఇది కాదు.

నీ బల్ల దగ్గర ఇప్పుడు ఒకమ్మాయి రీసెర్చి చేస్తోంది. కళ్ళద్దాలమ్మ అంటాను. వాడేది నువ్వు వాడిన గ్యాసే. కొత్త గొట్టాలు రావడం ఆలస్యమైతే, స్టోరులో మూల పడి ఉన్న నీ పాత స్టీలు గొట్టాన్ని కొలిమికి బిగించమంది. బిగించాను. సోమవారం గ్యాసు వదిలి చూసుకుంటే నూటికి అరవై పాళ్ళు మారిపోయింది. ఎగిరి గంతేసింది. చల్లారాక గొట్టం విప్పితే లోపల గ్యాసును మార్చాల్సిన ఉత్ప్రేరకం పొడే లేదు! తూచిన పొడి సీసాలోనే, బల్ల మీదే ఉంది. కుండలో ఏమీ వేయకుండానే వంటయిపోయింది బాబాయ్ అంటూ నా దగ్గరికొచ్చింది.

గొట్టాన్ని రంపంతో నిలువునా కోశాను. లోపలి గోడంతా నల్లటి పొర. నీకు ముందు ఎవరెవరో చేసిన ప్రయోగాల మడ్డి, కాలి కాలి గోడకు అంటుకుపోయింది. గ్యాసును మార్చింది ఆ గోడ. బుధవారం కొత్త గొట్టం వచ్చింది. ఖాళీగా నడిపితే సున్నా. బీరువాలో మిగిలిన నీ పొడి వేసి నడిపితే ఎనిమిది.

ఎనిమిది అంటే నీకు గుర్తుండే ఉంటుంది. నీకు అరవై రెండు వస్తే, వేరే ఊరి ల్యాబువాళ్ళు చేసి చూసి ఎనిమిదే వచ్చిందన్నారు. నిండు గదిలో మేష్టారు, ఈ అంకెలు గొట్టంలోంచి రాలేదమ్మా, నీ కలంలోంచి వచ్చాయి అన్నారు. నువ్వు ఏడవలేదు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టి, తక్కెడ మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయావు. థీసిస్సు అక్కడే ఆగింది. చిన్న కాలేజీలో రోజుకు ఐదు క్లాసులు చెబుతున్నావని విన్నాను. గొంతు జాగ్రత్త.

ఆ అంకెలు గొట్టంలోంచే వచ్చాయి తల్లీ. నువ్వు చూసిందే రాశావు.

నిన్న ఆ కోసిన గొట్టాన్ని మేష్టారి గదికి పట్టుకెళ్ళాను. గోటితో గీకి చూశారు. ఆ పిల్లను అనరాని మాట అన్నానయ్యా అన్నారు. హమ్మయ్య అనుకోబోయాను. అంతలో నీ నోటుబుక్కు తీశారు. ఇన్నాళ్ళూ దాచారు చూశావా! ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. పొడి వేసే ముందు ఖాళీ గొట్టాన్ని నడిపి, గొట్టం తనంతట తాను ఏమీ చెయ్యడం లేదని చూసుకోవాలి కదా. ఆ పేజీలో నీ చేతిరాతతో సున్నా ఉంది. ఈ గొట్టం ఖాళీగా సున్నా ఇవ్వదే, మరి ఈ సున్నా ఎక్కణ్ణుంచి ఊడిపడిందయ్యా, నడపకుండానే రాసేసుకుందన్నమాట అన్నారు. బుక్కు మూసేసి, పోనీలే, నేననుకున్నదాంట్లో పెద్ద తప్పేం లేదు, పాత కథ, తవ్వడమెందుకు అన్నారు.

నేను మోకాళ్ళ వంక పెట్టి మెట్లు దిగి వచ్చేశాను.

పాపకు ముద్దులు. దానికి తూకం నేర్పితే మూడుసార్లు చాలని చెప్పు.

ఇట్లు,
నీ బాబాయ్,
వర్క్‌షాపు మెకానిక్కు

తా.క. ఆ సున్నా నాది. ఆ రోజు ఖాళీ గొట్టం నడిపే పని నాకు అప్పగించి, మేష్టారి బదులు క్లాసు చెప్పడానికి వెళ్ళావు. గొట్టం వేడెక్కడానికే నాలుగు గంటలు. ఒంట్లో బాగాలేక అని రాద్దామని ఇందాక కలం ఆపాను. బాగానే ఉంది. విసుగు, అంతే. ఇరవై ఏళ్ళలో ఖాళీ గొట్టం సున్నా తప్ప ఇంకోటి ఇచ్చిన పాపాన పోలేదు, ఖాళీలో ఏముంటుందిలే అనుకుని సున్నా అని చెప్పేశాను. నిజంగా నడిపావా బాబాయ్ అన్నావు. నా మీద కూడా అనుమానమేనా అన్నాను. అన్నిటినీ మూడుసార్లు తూచేదానివి, నన్ను ఒక్కసారే అడిగావు. నొచ్చుకుని రాసుకున్నావు. మేష్టారు నిన్ను ఆ మాట అన్నప్పుడు పానా పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. నోరు పెగల్లేదంటే అబద్ధం. పెగల్చలేదు.

ఇదంతా రాశాక మేడెక్కి ఆయనకు చెప్పాను. కాగితం మీద పెట్టమన్నారు, పెట్టాను. దాన్ని నీ నోటుబుక్కులో ఆ పేజీకి అంటించారు. నకలు ఇందులో ఉంది. ల్యాబు తాళాలు కళ్ళద్దాలమ్మకు ఇచ్చేసి వెళ్ళమన్నారు. ఇచ్చాను. పాత పంపు ఎలా ఆపాలని అడిగింది. ఆపి చూపించాను.