పటం మూలన పేరు

తీజానీ మామయ్యకు,

ఈ ఉత్తరం అందగానే పడవ ఒడ్డుకు లాగేసెయ్యి. చేపల కోసం నాటిన ఖర్జూరపు మట్టల దడి దగ్గరికి ఒంటరిగా అసలు వెళ్లకు.

నిన్న సముద్రం అడుగు గీకే వలలవాళ్లు ఇద్దరు మా ఆఫీసుకొచ్చారు. నేను గీసిన సముద్రపు గడ్డి పటం బల్లమీద పరిచారు.

"ఈ గీత దాటితే గస్తీవాళ్లు మా వలలు లాక్కుంటున్నారు. గడ్డి ఎక్కడుందో నీకు చూపించిందెవడమ్మా?"

"ఉపగ్రహం" అన్నాను.

పెద్దవాడు నవ్వి, పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చదువుకున్నదానివి, నీ మాటే నమ్ముతాంలే."

వాళ్లు వెళ్లాక గుర్తొచ్చింది మామయ్యా. నువ్వు సంతోషిస్తావని పటం కింద మూలన, గడ్డి చూపించినవాడిగా నీ పేరు, మీ రేవు పేరు నేనే అచ్చువేయించాను.

వాళ్లకు చదువు రాకూడదని అల్లాను వేడుకుంటున్నాను.

నీ మేనకోడలు