ఫ్లెక్సీకి నీ ఫోటో

చిన్నా,

నువ్వు పోయి ఆదివారానికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ వేయిస్తామని పాస్టరుగారు నీ ఫోటో అడిగారు. ఇల్లంతా వెతికాను. ఫోన్లో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడివి. ఆల్బమ్‌లో నువ్వుండాల్సిన ప్రతిచోటా కత్తెరతో కోసిన చిల్లే ఉంది. నీ మొహాలన్నీ నువ్వే కత్తిరించుకుని నువ్వు గీసిన సిమెంటు లారీల మీదా, పత్తికాయల్లోనూ అతికించేశావు.

జగ్గయ్యపేటలో షాపుల బోర్డులు రాసుకునే నువ్వు ఆ బొమ్మలతోనే హైదరాబాదు ఎగ్జిబిషన్ల దాకా వెళ్ళావు. అక్కడ జనం వాటి ముందు నిలబడిపోయేవారట. మనింట్లో మాత్రం ఒక్కటీ గోడకెక్కలేదు. "మనిషి తలకి మనిషి ఒళ్ళు పెట్టరా" అని తిట్టింది నేనే.

"అక్కా, ఇది నీకే" అని నువ్విచ్చిన బొమ్మని చివరికి బీరువా వెనక నుంచి తీశాను. వత్సవాయి పొలంలో కొంగ, దానికి నీ తల. నందిగామ స్టూడియోకి పట్టుకెళ్ళాను.

"కొంగని తీసేసి కోటూ టై పెడతానండి. పోయినోళ్ళందరికీ అదే పెడతన్నా," అన్నాడు స్టూడియో అతను.

నిమిషంలో నీ తల ఎవరిదో ఒంటి మీద కూర్చుంది. వెనక నీలం ఆకాశం వచ్చింది. నేను కోరిందే జరిగింది, చూడలేకపోయాను. ఎడమ భుజం మీద మాత్రం నాలుగు తెల్లటి ఈకలు మిగిలిపోయాయి.

"అయ్యి కూడా చెరిపేస్తానండి."

"వద్దు బాబూ. కోటు ఎవరిదో నాకు తెలీదు. ఈకలు మాత్రం మావాడివే."