మంజుల చదివే బతుకమ్మ పుస్తకం

బతుకమ్మ మూడో రోజు, మహబూబ్‌నగర్

ఈ రోజు నేను చేసిన పని ఎవరికీ చెప్పుకోలేను.

రెండున్నరేళ్ల నా మోక్ష కోసం బతుకమ్మ బొమ్మల పుస్తకం కొన్నది నేనే. కానీ పొద్దున్నే నేను షాద్‌నగర్ కంపెనీకి రైలెక్కితే, రోజంతా పిల్లను చూసుకునేది, ఆ పుస్తకం చదివి వినిపించేది నా తోడికోడలు మంజుల. నిన్న సాయంత్రం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఇది తంగేడు పువ్వు" అనగానే మోక్ష నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"నీకు రాదు. చిన్నమ్మ సదువుతది" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది. మంజుల మురిపెంగా నవ్వింది. నాకు కడుపు మండిపోయింది.

అందుకే పొద్దున పుస్తకాన్ని నా టిఫిన్ బ్యాగులో దాచుకుని వెళ్లిపోయాను. పిల్ల ఏడవాలని, మంజుల ఎంత సముదాయించినా ఊరుకోకూడదని కోరుకున్నాను. కన్నతల్లినై ఉండి అలా కోరుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మోక్ష హాయిగా ఆడుకుంటోంది.

"అక్కా, బుక్కు యాడ వోయిందో దొరకలే. జరసేపు మస్తు ఏడ్సింది" అంది మంజుల. "గందుకే గునుగు పువ్వు, బంతిపువ్వు తెచ్చి చేతికిచ్చిన. ఇద్దరం కలిసి చిన్న బతుకమ్మ పేర్చినం. నీకే ముందుగాల చూపెడ్తదంట, ఎవ్వర్నీ ముట్టనిస్తలేదు."

పుస్తకం ఉన్న టిఫిన్ బ్యాగును తలుపు వెనక్కి నెట్టేశాను.

మోక్ష నా వేలు పట్టుకుని లాక్కెళ్లి, వంకరగా పేర్చిన ఆ పూల ముందు కూర్చోబెట్టింది. ఒక్కో పువ్వు పేరూ చెప్పి నాతో పలికించింది. అచ్చం మంజుల పలికినట్టే పలికింది.

నేనూ అలాగే పలికాను.