పదిహేడో నంబరు ఫారం

హైదరాబాదు, జూన్ 3

అంబదాస్ మామకు మేనకోడలు వర్షిణి నమస్కారాలు.

మగ్గాల మోతకు నీ చెవులు పోయి, ఫోన్లో అన్నిటికీ "ఆఁ" అంటున్నావని ఈ ఉత్తరం. ముస్లిం కార్మికులు మతాన్ని ఇంట్లో ఎలా పాటిస్తారన్నది నా పరిశోధన. గ్రంథాల్లో ఉన్నది కాదు, మనుషులు చేసేది చూడమంటుంది సమాజశాస్త్రం. ఇరవై ఫారాలు పంపుతున్నాను. ప్రశ్నలు నేనే రాశాను, చిన్నప్పుడు ఊళ్లో మొహర్రం పీర్ల పండుగకు చూసినవన్నీ గుర్తు చేసుకుని. సూరత్‌లో మీ కార్ఖానా వాళ్లతో నింపించు. గడువు ఇప్పటికే రెండుసార్లు దాటింది. ఈసారి తప్పితే నా పీహెచ్‌డీ సీటు రద్దు. బతిమాలుతున్నాను మామా.

నీ వర్షిణి

తా.క. పేర్లు రాయొద్దు, నంబర్లు చాలు.

బమ్రోలి, సూరత్, జూన్ 19

బిడ్డ వర్షిణికి మామ దీవెనలు.

నీ ఫారాలు మస్తు గోస పెట్టినయ్. పక్క మగ్గం రఫీక్‌ను అడిగిన. పీరుకు దట్టీ బట్ట కడ్తవా అంటే లేదన్నడు. రొట్టె, బెల్లం కలిపి మలీద చేస్తవా, నిప్పుల గుండం దుంకుతవా అంటే గవి మా దిక్కు లేవు చాచా అన్నడు. గడులన్నీ ఖాళీ. ఎన్కకు తిప్పి హిందీల ఏదో రాసిచ్చిండు. అన్నీ గిట్లనే ఖాళీయి పంపితే నీ సీటు పోతది గదా. అందుకే మిగిలిన పందొమ్మిది గా పండుగ తెలిసినోళ్లతోటి నింపిచ్చిన.

అంబదాస్

తా.క. పదిహేడో నంబరామె ఇంకో రెండు కాగితాలు అడిగింది. జాగ సాలలేదట.

హైదరాబాదు, జూలై 2

మామకు నమస్కారాలు.

పదిహేడో నంబరు చదివి మా గైడు సారు కళ్లు తుడుచుకున్నారు. పీరుకు మొక్కుకుని ఏడేళ్లు పండుగకు ఫకీరయిందట, కూతురికి కాన్పు కష్టమైతే గుండం దుంకిందట. నాలుగో అధ్యాయమంతా ఆమే. శ్రావణంలో నీసు ముట్టనని కూడా రాసింది. ఇలాంటి ముస్లిం స్త్రీ ఏ పుస్తకంలోనూ లేదని సారు పొంగిపోతున్నారు. ఆమెను కళ్లారా చూశాకే థీసిస్ మీద సంతకమట. ఇరవయ్యో తేదీకి సూరత్ వస్తున్నారు. మూడేళ్ల కష్టం ఆమె మాట మీద ఉంది మామా.

వర్షిణి

తా.క. ఒక ఫారం ఖాళీగా వచ్చింది. చించి పారేశాను.

బమ్రోలి, జూలై 22

బిడ్డా, ఏమని రాయాలె.

మీ సారు వచ్చిండు. పదిహేడో నంబరు ఎవరన్నడు. మీ అమ్మమ్మ కొమురవ్వను చూపిచ్చిన. మిగిలినోళ్లు గూడ మన గల్లీ పద్మశాలోళ్లే, ఊళ్లె పీర్లకు మొక్కినోళ్లే. సారు మంచం మీద కూలవడ్డడు. అమ్మమ్మ మలీద చేసి పెడితే తిన్నడు.

గప్పుడే రఫీక్ వచ్చిండు. "నేను ఐదు పూటల నమాజు చేస్త సార్. రంజాన్ల ఉపాసముండే మగ్గం నడుపుత. ఫారంల గవి అడగనే లేదు, అందుకే ఎన్క రాసిచ్చిన. చదివిన్రా?" అన్నడు. మీ సారు సంచిలకెళ్లి ఫారం తీసి చూసిండు, మొత్తం చదువుడు గదే మొదటిసారి అనుకుంట. నమాజుకు గడే లేదు. ఇరవైల పనికొచ్చేది రఫీక్ ఒక్కనిదేనట. అది నువ్వు చించినవని నేనే చెప్పాల్సి వచ్చింది. సంతకం పెట్టలే. సీటు పోయినట్టేనట.

తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. తిట్టు, పడ్త.

మీ మామ

తా.క. అమ్మమ్మ గుండం దుంకింది నువ్వు పుట్టేటప్పుడే. ఇప్పుడు నీ సీటుకు గూడ పీరుకు మొక్కింది. ఫారం ఇంకోటి ఉంటే పంపాలట, గది గూడ రాయిస్తదట.