పాలపొడి డబ్బాలో ఎర్రలు

మహబూలా, గురువారం

దోసకాయల లారీయే తపాలా బండిగా బతుకుతున్న చిన్నాయనకు చిట్టి నమస్కారాలు.

నీ ఫోను నీళ్లతొట్లో పడినప్పటినుంచి నాకు పెన్ను పట్టడం మళ్లీ వచ్చింది. పగలంతా క్లినిక్కులో టోకెన్ నంబర్లు అరిచి, రాత్రి గదిలో ఆరుగురి గురకల మధ్య పడుకోలేక, సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుని గాలం వేయడం మొదలుపెట్టాను. నగ్రూర్ అనే చేప చీకట్లోనే తిరుగుతుందట. పైకి లాగితే మన తాత నిద్రలో గొణిగినట్టు గొణుగుతుందట. నాకింకా ఒక్కటీ పడలేదు. పక్కన రొయ్యలు గుచ్చి గాలం వేసే కువైటీ ముసలాయనకూ పడలేదు. మన చెరువు చేపలు ఎర్రలకే కదా పడేది? తోటలో తడిమట్టి తవ్వి ఒక డబ్బా ఎర్రలు దోసకాయల లారీ తోలే ఆంజి చేత పంపు.

ఇట్లు,
చేప పడని చిట్టి

తా.క.: ముసలాయనకు హిందీ బాగా వచ్చు. ఊసుపోక నీ తోట కథ, నీ లీవు కథ అన్నీ చెప్పేశాను.

వఫ్రా, ఆదివారం

అమ్మా చిట్టీ, దీవెనలు.

నీ ఉత్తరం చదివి చేతిలో పార జారిపోయింది. జీతం రాలేదని చెప్పేదానికి సిగ్గుపడి, చేపలు పట్టుకోని తింటాండావా? షెడ్డులో అందరికీ చెప్పినా. బియ్యం, కందిబేడలు, ఒక మూట వంకాయలు పంపిస్తాండారు. ఎర్రలు గూడా పాలపొడి డబ్బాలో పెట్టినా. అట్లాంటిదే ఇంకో డబ్బాలో ఎండు మెంతాకు పోసి, తోట యజమాని, అదే మా కఫీల్, ఆయన ఇంటి మామాకు, అంటే ఆ ఇంటి యజమానమ్మకు, పంపినా. లీవు కాయితం మీద ఆయన సంతకం ఒక్కటే తక్కువ. నాలుగేండ్లాయె, నా బిడ్డ నన్ను ఫోటోలోనే చూసింది. జూన్‌లో దాన్ని బడికి నేనే ఎత్తుకోని పోవాల.

ఇట్లు,
చిన్నపుల్లయ్య

తా.క.: రాళ్ల మీద తలకు గుడ్డ కట్టుకో. ఆకలికి తోడు జలుబు ఎందుకు?

మహబూలా, మంగళవారం

కంగారు చిన్నాయనకు, కడుపు నిండిన చిట్టి రాసేది.

నాకు జీతం వస్తోంది మొర్రో! నీ వంకాయలు బిల్డింగంతా పంచినా అయిపోలేదు. పక్క మంచం సత్యనారాయణమ్మ అయితే "పాపం, ఆకలైనా బయటపడదు" అంటూ నా కంచంలో రెండో గరిటె వేస్తోంది. వద్దంటే కళ్లు తుడుచుకుంటోంది. అది సరే, నా డబ్బాలో వచ్చింది మెంతాకు. మరి ఎర్రలు ఎక్కడికి పోయాయి?

ఇట్లు,
చిట్టి

తా.క.: మెంతాకే ముద్ద చేసి గాలానికి పెట్టాను. చేపలు రాలేదు. ముసలాయన మాత్రం వచ్చి వాసన చూసి, "మా ఇంటి కూర వాసన" అన్నాడు.

వఫ్రా, గురువారం

చిట్టీ,

ఖలాస్. ఎర్రలు మామా వంటింటికి పోయినాయి. కూరలో వేద్దామని మూత తీసి ఆమె అరిచిన అరుపు, గేటు బయట లారీలో ఉన్న ఆంజికి వినపడిందంట. ఇన్నేండ్లలో ఒక్క పొద్దు తోట తొక్కని కఫీల్ రేపు వస్తాండాడు. నన్ను పేరు పెట్టి పిలిచినాడంట. మూట కట్టుకోని కూచున్నా. పాపను బడికి వాళ్లమ్మనే తీసకపొమ్మని చెప్పు.

ఇట్లు,
నీ చిన్నాయన

తా.క.: ఎర్రలు ఎవరికని అడిగితే నీ పేరు చెప్పను. గట్టిగా అడిగితే చెప్తా.

వఫ్రా, శనివారం

అమ్మా చిట్టీ, మూట విప్పినా.

కఫీల్ ఆ డబ్బా చంకన పెట్టుకోని వచ్చినాడు. నా మంచం మీద కూచోని, "లీవు ఇయ్యని పిసినారి కఫీల్ నేనేనంట గదా?" అని హిందీలో అడిగినాడు. ఆ కాయితం ఆఫీసులోనే పండుకోనిందంట, ఆయన కంటపడనే లేదంట. డబ్బా మూత మీదే పెట్టి సంతకం చేసినాడు. "బిడ్డను బడిలో దింపి, నెమ్మదిగా రా" అన్నాడు. పోయేలోపల రెండు డబ్బాల ఎర్రలు ఇయ్యాలంట.

ఇట్లు,
ఊరికి పోతాండే చిన్నాయన

తా.క.: రాళ్ల మీద నీ పక్కన కూచునే ముసలాయన పేరు ఏనాడన్నా అడిగినావా? మెంతాకు నీ దగ్గర, ఎర్రలు తన ఇంట్లో చూసినాక ఆయనకు కథంతా అర్థమైందంట. నువ్వు రాని రాత్రి ఆ ఎర్రలతోనే మోచెయ్యంత నగ్రూర్ పట్టినాడు. ఫోటో చూపించినాడు గానీ, నీకు చెప్పొద్దన్నాడు. నీకింకా ఒక్కటీ పళ్లేదని ఆయనకు ఒకటే బాధ.