‘స్కేర్స్’కు వ్యతిరేక పదం

ఫిబ్రవరి 16

టాలెంట్ టెస్టు పేపర్లు దిద్దడం అయింది. తలనొప్పి.

‘స్కేర్స్’ అంటే కొరత. వ్యతిరేక పదం రాయమంటే పదో తరగతి అంతా ‘అన్‌స్కేర్స్’, ‘నాన్‌స్కేర్స్’... ముందు ఏదో ఒకటి తగిలిస్తే ఏ మాటైనా తిరగబడుతుందని వీళ్ళ నమ్మకం. నేర్పింది మా కరస్పాండెంట్ సారే. షార్ట్‌కట్ అట!

స్రవంతి ఒక్కతే ‘అబండెంట్’ అని రాసింది. సమృద్ధి. ఆ ఒక్క మార్కుతోనే ఫస్ట్. బడి బిల్డింగు ఓనరు కూతురు నిఖిత ‘రేర్’ అని రాసి సెకండ్. రేర్ అన్నా కొరతే. అడిగింది వ్యతిరేకం తల్లీ!

ఫస్ట్ వచ్చిన పిల్లకు హసన్‌పర్తి కాలేజీలో ఇంటర్ ఉచితం. ఆ సీటు రాకపోతే స్రవంతిని పదితోనే ఆపేస్తానని వాళ్ళ నాన్న నా ముందే అన్నాడు. పవర్‌లూమ్ పని ఆయనది. ఇక భయం లేదు.

ఫిబ్రవరి 17

ఫలితాలు ఇంకా ప్రకటించనే లేదు. చౌరస్తాలో ఫ్లెక్సీ మాత్రం కట్టేశారు — నిఖిత నెత్తిన కిరీటం, పక్కన చేతులు జోడించిన సార్. ప్రథమ విజేత అట. మరి నాతో దిద్దించడం ఎందుకు? ఎర్ర ఇంకు దండగ.

ఫిబ్రవరి 18

సార్ పిలిచాడు. టీ కూడా తెప్పించాడు. అప్పుడే అనుమానం వచ్చింది.

“ఆన్సర్ కీల ఒక్క జవాబు మార్చుండ్రి మేడం. రేర్ కరెక్టని పెట్టుండ్రి.”

అది వ్యతిరేకం కాదు, అదే అర్థం సార్ అన్నాను.

“ఇంగ్లీషుల గివన్నీ ఉంటయి. ఎవలు జూస్తాండ్లు?”

డిక్షనరీ ముందు పెట్టాను. తెరవలేదు. దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు. ఇతనొక విద్యావేత్త!

ఫిబ్రవరి 19

లెక్కల రమేశ్ సార్ సలహా — “మీకెందుకు మేడం ఫికర్? సంతకం పెట్టి పారెయ్యుండ్రి.” సార్ తుమ్మితే చిరంజీవ అనే రకం. ఛీ.

ఫిబ్రవరి 20

స్టాఫ్‌రూమ్ గుమ్మంలో స్రవంతి.

“ఫ్లెక్సీ చూసిన మేడం. నేనేడ తప్పు రాసిన?”

ఎక్కడా రాయలేదన్నాను.

“గట్లయితే ఫస్ట్ నేనేనని మా బాపుకు చెప్పాల్నా?”

ఒక్కరోజు ఆగమ్మా... అన్నాను. ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను.

సాయంత్రం మళ్ళీ సార్. “వచ్చే ఏడు మిమ్ముల ఉంచుకునుడా, వద్దా అని ఆలోచిస్తాన మేడం.” నవ్వుతూనే.

కీ మార్చనని తెగేసి చెప్పాల్సింది. చూస్తాను సార్ అన్నాను. చూస్తానట! రమేశ్ సార్‌ను అంతలేసి మాటలు అనుకున్నది నేనేనా? అసహ్యంగా ఉంది. భయంగా కూడా ఉంది.

ఫిబ్రవరి 21

పొద్దున. స్టవ్ మీద ఇంకా ఏమీ పెట్టలేదు. ప్రేయర్‌లో విజేత పేరు నేనే మైకులో చదవాలట. రేర్ అని మార్చి సార్ చేతికిచ్చిన కీ మీద సంతకం పెట్టలేదు. చించెయ్యనూ లేదు.

ఇప్పుడే ఫోన్‌లో స్రవంతి మెసేజ్ — “మేడం, ఆగలేక చెప్పిన. మా బాపు పని బంద్ పెట్టి వస్తాండు. జర ముందటి వరుసల కుర్చీ ఇప్పియ్యుండ్రి.”

చదివాను. నేను చదివినట్టు అక్కడ ఆ పిల్లకు కనబడే ఉంటుంది. ఏమని జవాబివ్వను...